నిజం రాసినా నేరమే!

నైజీరియాను ముహమ్మదు బుహారీ రెండుసార్లు ఏలారు: మొదట తుపాకీతో, ముప్ఫై ఏళ్ల తర్వాత ఓటుతో. ఆయనేమిటో అర్థం కావాలంటే 1984 నాటి ఒక్క ఉత్తర్వు చదివితే చాలు.

నేరేడ్‌మెట్‌లో పొద్దున్నే నడకకు వచ్చేవాళ్లలో రిటైరైన ఫౌజీలు ఎక్కువ. రాజకీయాల ప్రస్తావన రాగానే ఎవరో ఒకరు, "ఈ దేశానికి ఓ పదేళ్లు మిలిటరీ రూల్ పడాలండీ" అంటారు. బుహారీ గురించి రాయడానికి కూర్చున్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ మాటే. ఆ ముచ్చట తీరిన దేశం నైజీరియా. పైగా బుహారీ మనకు మరీ పరాయివాడేం కాదు. 1973లో నీలగిరుల్లోని వెలింగ్టన్ స్టాఫ్ కాలేజీలో చదివారు. మన సైనికాధికారులు ఎందరో చదువుకున్న కాలేజీ అది.

చరిత్ర క్లుప్తంగా: 1942లో దౌరాలో పుట్టారు. ఎన్నికైన షెహు షగారీ ప్రభుత్వాన్ని 1983 డిసెంబరు 31న సైన్యం కూల్చితే గద్దెనెక్కారు. 1985 ఆగస్టులో తోటి జనరల్ బబంగీడా ఆయన్నీ దించేశారు. 2003, 2007, 2011 ఎన్నికల్లో ఓడి, 2015లో గెలిచి, 2019లో మళ్లీ గెలిచారు. 2025 జులై 13న లండన్‌లో కన్నుమూశారు.

ఇక ఆ ఉత్తర్వు. పేరు డిక్రీ నంబర్ 4. ప్రభుత్వాధికారులను తప్పుడు ఆరోపణల నుంచి కాపాడటం దాని ఉద్దేశమట. అబద్ధం రాస్తే శిక్ష అంటే సరేననుకోవచ్చు. కానీ ప్రభుత్వాన్నో, అధికారినో నవ్వులపాలు చేసేది, పరువు తీసేది ఏది రాసినా నేరమేనంది. అంటే రాసింది నిజమైనా తప్పించుకునే దారి లేదు. రాసిన ప్రతి ముక్కా నిజమేనని రుజువు చేసుకునే భారం కూడా ముద్దాయిదే. విచారణ మామూలు కోర్టులో కాదు, న్యాయమూర్తి పక్కన సైనికాధికారులు కూర్చున్న ట్రైబ్యునల్‌లో. అప్పీలు లేదు. జైలు రెండేళ్ల దాకా.

ఎవరిని ఏ దేశానికి రాయబారిగా పంపబోతున్నారో రాసినందుకు అక్కడి గార్డియన్ పత్రిక విలేకరులు టుండే థాంప్సన్, ఎండుకా ఇరాబోర్‌లకు 1984 జులైలో ఏడాది జైలు పడింది. పత్రికకు 50 వేల నైరాల జరిమానా. బదిలీల వార్త! మన జిల్లా విలేకరి రోజూ రాసేదే.

అదే 1984లో మన దగ్గర 'ఈనాడు' రామోజీరావుకూ శాసన మండలికీ ఒక శీర్షిక మీద రగడ నడుస్తోంది. సభాహక్కుల పేరిట ఆయన్ను పట్టుకురమ్మని మండలి పంతం పట్టింది. సుప్రీంకోర్టు అరెస్టును ఆపింది. థాంప్సన్‌కు తలుపు తట్టడానికి అలాంటి పైకోర్టు లేదు. తేడా అంతా అక్కడే ఉంది.

క్రమశిక్షణ యుద్ధం
బుహారీ ప్రభుత్వం 1984లో మొదలుపెట్టింది. బస్టాపుల్లో క్యూ కట్టకపోతే కొరడా దెబ్బలు. ఆఫీసుకు ఆలస్యంగా వచ్చిన ఉద్యోగుల చేత కప్పగంతులు వేయించారు.

రెండుసార్లు నోట్ల మార్పు
1984లో నోట్ల రంగులు మార్చి, సరిహద్దులు మూసి, పాతవి తెచ్చివ్వమన్నారు. 2022లో మళ్లీ 200, 500, 1000 నైరాల నోట్లు మార్చారు. నగదు దొరక్క జనం బ్యాంకుల ముందు పడిగాపులు పడ్డారు. చివరికి 2023 మార్చిలో పాత నోట్లకు సుప్రీంకోర్టు ఆ ఏడాది చివరి దాకా ప్రాణం పోసింది.

మన దగ్గర చదివినవాళ్లు
నైజీరియా మరో మాజీ అధ్యక్షుడు ఒబసాంజో కూడా వెలింగ్టన్‌లోనే చదివారు. బుహారీని దించిన బబంగీడా దెహ్రాదూన్ మిలిటరీ అకాడమీలో తర్ఫీదు పొందారు.

గద్దెనెక్కగానే డిక్రీ 4ను బబంగీడా రద్దు చేశారు. తాను ప్రజాస్వామ్యవాదిగా మారానని చెప్పుకునే బుహారీ 2015లో ఓట్లడిగారు. మారారా? సగమే. ఆయన ట్వీటును ట్విటర్ తొలగించడంతో 2021 జూన్‌లో ఆయన ప్రభుత్వం దేశమంతటా ట్విటర్‌నే ఆపేసింది. ఏడు నెలల తర్వాత గానీ వదల్లేదు.

లంచాలు మింగలేదన్న పేరు మాత్రం బుహారీకి చివరిదాకా ఉంది. ఆ పేరును నేనూ కాదనను. కానీ చేతులు శుభ్రంగా ఉన్నంత మాత్రాన ప్రశ్నించేవాడి నోరు కట్టేసే హక్కు రాదు. ఆయన జీవితంలో నైజీరియా గర్వించదగ్గ రోజు తుపాకీతో వచ్చిన 1983 డిసెంబరు 31 కాదు, 2015 మార్చి 31. ఆ రోజు గద్దె మీదున్న గుడ్‌లక్ జొనాథన్ ఓటమి ఒప్పుకొని ఆయనకే ఫోన్ చేశారు. పదవిలో ఉన్న అధ్యక్షుడు ఎన్నికల్లో ఓడటం ఆ దేశంలో అదే మొదటిసారి. ఆ ఘనత ఫౌజుది కాదు, ఓటరుది.