సరుకు నిలిస్తేనే ధర నిలుస్తుంది

కోలారు, ముళబాగిలు, చింతామణి ప్రాంతాలలో తరతరాలుగా సేద్యం చేసికొంటున్న మన తెలుగు కుటుంబాలకు టమాటా సంగతి మేము చెప్పనక్కరలేదు. 2021 మే నెలలో కోలారు రైతులు ధర లేక కాయలు రోడ్డుపక్కన పారబోసినారు. 2023 జూలైలో అక్కడే 15 కిలోల పెట్టె రెండువేల రూపాయలు దాటి పలికింది.

ఢిల్లీ దాకా సరుకు పంపే మార్కెట్టు చెంతనే ఉండగా ఈ ఒడిదుడుకులలో రైతుకెందుకు దిక్కు లేదు? టమాటా ఆగదు గనుక. మండీకి చేరిన పెట్టెను, ధర నచ్చలేదని తిరిగి యింటికి తీసికొనిపోవడం ఎవరి తరం? ఆ సంగతి కొనేవారికీ తెలుసు.

దారి లేకపోలేదు. 1959లో బెంగుళూరు ద్రాక్షరైతులు, ఉద్యానశాస్త్రజ్ఞులు డాక్టరు మరిగౌడ గారి ప్రోత్సాహంతో సహకార సంఘం పెట్టుకొన్నారు. అదే తరువాత హాప్‌కామ్స్ అయి, రైతుల పండ్లు, కూరగాయలు సేకరించి తన అంగళ్ళలోనే నగరవాసులకు అమ్మసాగింది.

అటువంటి కేంద్రాలు పల్లెల చేరువలో కావాలి. సరియైన తూకం, కాయల వర్గీకరణ, చల్లని గిడ్డంగి, దూరపు ధరల కబురు ఒక్కచోట దొరికితే, 'ఈ ధరకు ఇవ్వను' అనే ధైర్యం రైతుకు వస్తుంది. అయితే గోడలు కట్టినంత మాత్రాన చాలదు. తలా పది పెట్టెలు కలిపి లారీ నింపే కట్టుబాటు ముందు మనలో రావాలి. అందుకు మన సోదరులు పూనుకోవాలని మా మనవి.