ఇంటర్వ్యూకు వెళ్ళు పిల్లలకు నాలుగు మాటలు

ఇంటర్వ్యూకు పిలుపు వచ్చిన పిల్లల తల్లిదండ్రులు ఆ పత్రమును తాంబూలపు పళ్ళెములో నుంచి స్వామి సన్నిధికి తెచ్చుచుందురు. పేరు, గోత్రము చెప్పి మేము అర్చన చేయుదుము. పిమ్మట తల్లి మెల్లగా, "అయ్యగారూ, మావాడు ఏం వేసుకుని వెళ్ళాలి?" అని యడుగును. మేము ప్రాథమిక పాఠశాలతో చదువు ముగించినవారము. అట్టి కుర్చీలో ఎన్నడును కూర్చుండలేదు. అయినను వెళ్ళి వచ్చిన పిల్లలవలన తెలిసికొన్నదానిని ఇందు వ్రాయుచున్నాము.

మన పూర్వులు విశాఖపట్టణము, శ్రీకాకుళము ప్రాంతములనుండి ఓడ యెక్కి వచ్చి, బాగన్ దాతుక్ కొబ్బరితోటలలోను, ఇతర చోట్ల రబ్బరుతోటలలోను శ్రమించిరి. ఒప్పందపు కూలి పద్ధతి మలయాలో 1910లో రద్దయ్యెను. 1938లో భారత ప్రభుత్వము కూలీలను పంపుట మాన్పించగా కంగాణీ పద్ధతియు ముగిసెను. ఆ కాలమున దొర యెదుట తలవంచి, చేతులు కట్టుకొని, "సరే దొరా" యనుటయే మర్యాద. పద్ధతులు పోయినవి గాని ఆ వంగుడు మన యిండ్లనుండి పూర్తిగా పోలేదు.

మా కుటుంబములోని యొక బాలుడు మంచి మార్కులతో చదువు ముగించి ఇంటర్వ్యూకు వెళ్ళెను. అడిగినంతసేపు నేలనే చూచుచు, తెలిసిన సంగతికి సైతము "అవునండీ" యని మాత్రమే పలికి తిరిగి వచ్చెను. ఉద్యోగము రాలేదు. "పెద్దలయెదుట కన్నెత్తవద్దు" అని అతనికి నేర్పినవారము మేమే. కావున ఆ దోషము మాదే.

మొదట దుస్తులు. మగపిల్లలకు ఇస్త్రీ చేసిన పొడుగుచేతుల చొక్కా, టై, ముదురురంగు పంట్లాము, కాలిని కప్పు బూట్లు తగును, చెప్పులు పనికిరావు. ఆడపిల్లలకు చీర గాని, పంజాబీ దుస్తులు గాని, బాజు కురుంగ్ గాని మర్యాదగానే యుండును. చిన్న బొట్టు చెరిపికొనవలసిన పనిలేదు. క్రొత్తవి కొనుటకు అప్పు చేయవద్దు. అన్నగారి టై కట్టుకొనుటలో సిగ్గు లేదు. శుభ్రత ముఖ్యము. బూట్లు మాత్రము రెండు దినములు ముందుగా తొడిగి నడచి చూడవలెను.

తరువాత కాగితములు. గుర్తింపు కార్డు, జననపత్రము, ఎస్.పి.ఎం. సర్టిఫికెట్టు, వీని అసలు ప్రతులును నకళ్ళును ఒక ఫైలులో వరుసగా నుంచవలెను. మన పేర్లను నాటి కిరాణీలు తమకు వినబడినట్లు వ్రాసిరి గనుక, ఒక కాగితములో ఒక విధముగను, మరొకదానిలో వేరువిధముగను ఉండుట కలదు. అట్టి భేదమున్నచో ముందుగానే సరిచేసికొనవలెను. తోటనుండి బస్సు ఎప్పుడును వేళకు రాదు. కావున ఒక బస్సు ముందే బయలుదేరవలెను.

లోనికి పిలిచినపుడు నమస్కరించి, కూర్చుండుమన్న పిమ్మటనే కూర్చుండవలెను. ప్రభుత్వోద్యోగమైనచో ప్రశ్నలు మలయు భాషలో నుండును; కావున ఇంటిలోనే ఆ భాషలో బదులు చెప్పుట అలవరచుకొనుడు. మగవారిని "తువాన్" లేక "ఎంచిక్" అనియు, స్త్రీలను "పువాన్" అనియు పిలువవలెను. కాగితములను కుడిచేతితో నందింపుడు. మలయు స్త్రీ తానుగా చేయి చాపిననే కరచాలనము చేయవలెను; లేనిచో గుండెపై చేయి నుంచి చిరునవ్వు నవ్వుట చాలును. అడిగినవారి ముఖము చూచి బదులు చెప్పుడు. తెలియనిదానిని తెలియదనుట తప్పు కాదు. తండ్రితోకూడ పాలు గీసిన సంగతి, ఉత్సవపు లెక్కలు వ్రాసిన సంగతి దాచవద్దు; అవియు పని నేర్చిన అనుభవములే.

మన దేశ రాజ్యాంగమునందలి 136వ అధికరణము, ఒకే తరగతి ప్రభుత్వోద్యోగులను ఏ జాతివారైనను పక్షపాతము లేక చూడవలెనని విధించుచున్నది. ఆచరణలో లోపములుండవచ్చును. అయినను అడుగు హక్కు గలవారివలె లోనికి పోవుట మన చేతిలోనిదే.

ఇకమీదట పిలుపుపత్రమును ముందునాటి సాయంకాలము గాక వారము ముందుగా దేవాలయమునకు తెండు. అర్చన యైన పిమ్మట మండపములో పిల్లవానిని కూర్చుండబెట్టి, పెద్దలము నలుగురము ప్రశ్నలడిగెదము. మాయెదుట తలయెత్తి మాటలాడినవాడు ఎవరియెదుటనైనను మాటలాడగలడు.