కృష్ణబిల కరోనా

ఖగోళవార్తలలో నేడు తఱచుగా కానవచ్చుచున్న ‘కరోనా’ యనునది, జంటతారలలో ఒకటియైన కృష్ణబిలము తన సహచరి వాయువును కబళించునపుడు, ఆ బిలమునకు అతిసమీపమున నేర్పడు, సుమారు నూఱుకోట్ల డిగ్రీల వేడిమిగల ఎలక్ట్రానుల మేఘము.

సహచరి నుండి జాఱిన వాయువు నేరుగా బిలమున పడక, సుడులు తిరుగుచు పళ్లెరమువలె పఱచుకొని, ఒరిపిడిచే కాఁగి మృదువైన ఎక్స్-కిరణములను వెదజల్లును. ఆ కిరణములు కరోనాలోని ఎలక్ట్రానులను తాఁకి, వాని శక్తిని గైకొని, తీక్ష్ణతరములై వెలువడును. వానిలో కొన్ని మరల పళ్లెరముపై బడి ప్రతిఫలించి, నేరుగా వచ్చువానికంటె ఇంచుమించు సెకనులో వెయ్యవవంతు ఆలస్యముగా మనకు చేరును. ఎంత శక్తిమంతమైన దూరదర్శినికిని విడివడి కనఁబడని ఆ ప్రదేశమును కొలుచుటకు, నిరంతరము మినుకుమినుకుమను ఆ కాంతిలోని యీ స్వల్పవిలంబమే సాధనమగుట నిజముగా అద్భుతము.

2018 మార్చిలో బయల్పడిన మాక్సి జె1820+070 అను జంటను, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రముపై నున్న నైసర్ దూరదర్శిని పరిశీలింపఁగా, ఆ విలంబము క్రమముగా తగ్గెను. పళ్లెరపు లోపలి యంచు చలింపక, కరోనాయే కుంచించుకొనుటచే విలంబము తగ్గినదని పరిశోధకులు 2019లో ప్రకటించిరి.

అయినను దాని యాకృతి యిప్పటికిని వివాదాస్పదమే. అది బిలపు అక్షముపై నిలుచునని కొందఱు, పళ్లెరపు తలమున విస్తరించునని కొందఱు తలంతురు. సిగ్నస్ ఎక్స్-1 అను మఱియొక కృష్ణబిలపు జంట కిరణముల ధ్రువణమును, అనఁగా వాని కంపనదిశను, కొలిచిన ఐఎక్స్‌పీఈ ఉపగ్రహము 2022లో రెండవ పక్షమునకు బలమిచ్చెను. ఇట్టి ధ్రువణమును అధికశక్తి కిరణములలో కొలుచుటకే, 2024 జనవరి 1న శ్రీహరికోటనుండి ఇస్రోవారి ఎక్స్‌పోశాట్ ఆకసమున కెగసినది.