చిత్తరువునకు పోలిక చాలునా?

చిత్తరువును జూడగనే మనవారు వేయు మొదటి ప్రశ్న "పోలిక కుదిరినదా?" యనునది. పట్టణ మందిరములకు నాయకుల పటములను వ్రాయించు సంఘములవారును ఛాయాచిత్రమును ప్రక్కన బెట్టి, ముక్కును మీసమును సరిచూచి సొమ్ము చెల్లింతురు. ఈ పరీక్ష తప్పని మేము చెప్పము; చాలదని మాత్రము మా మనవి.

రవివర్మ (1848-1906) తైలవర్ణ చిత్రములు మన దేశమున యథార్థ చిత్రణమునకు మేలుబంతులు. పట్టు నిగనిగయు, నగల బరువును ఆయన కుంచెకు కరతలామలకములు. అయినను యథార్థ చిత్రణము కేవలము నకలు గాదు. ఏ చూపును నిలుపవలెనో, మోముపై నే వెలుగు పడవలెనో నిర్ణయించుటలోనే చిత్రకారుని వివేకము గలదు. 1839లో ఫ్రాన్సున డాగేరు ఛాయాగ్రహణ పద్ధతి ప్రకటింపబడిన పిమ్మట కేవలపు నకలు పని క్రమముగా యంత్రమునకు సంక్రమించినది.

అంతట చిత్రకారులు వేఱుత్రోవలు వెదకిరి. పారిసున పికాసో 1905లో గెర్ట్రూడ్ స్టైన్ అను అమెరికను రచయిత్రిని పలుమారు లెదుట గూర్చుండబెట్టి వ్రాసి, తృప్తి చెందక, 1906లో మోమును తుడిచివేసెను. స్పెయినునకు బోయి వచ్చి, ఆమె యెదుట లేకయే, ఱాత జెక్కినట్లుండు మోమును వ్రాసెను. వివరములు తగ్గినవి; వ్యక్తి నిలిచినది. 1910లో అతడే కాన్‌వైలరు అను చిత్రవర్తకుని రూపమును గోధుమ, బూడిద వన్నెల ముక్కలుగా విఱిచి వ్రాసెను. ముడిచిన చేతులు, పాపట తీరు లీలగా గోచరించును. పేరు తీసివేసిన నది యెవరిదో పోల్చుకొనగల వారరుదు. అది గొప్ప చిత్రమనుటకు మాకు సందేహము లేదు. గొప్ప చిత్తరువనుటకే సందేహము.

మన దేశముననే వేఱొక నిదర్శనము గలదు. 1930లో ఉప్పు సత్యాగ్రహ సందర్భమున నందలాల్ బోసు లినోలియము పలకను చెక్కి ముద్రించిన గాంధీమహాత్ముని బొమ్మలో రంగులు లేవు. నల్లని నేలపై కొన్ని తెల్లని గీతలు, చేతికఱ్ఱ, ముందునకు సాగు నడుగు: ఇంతియే. అయినను చదువురాని వాడును చూచి పేరు చెప్పును.

కామసూత్రములకు యశోధరుడు వ్రాసిన జయమంగళ వ్యాఖ్య చిత్రమునకు షడంగములను చెప్పుచు భావమును, సాదృశ్యమును రెంటిని పేర్కొన్నది. ఒకదానికై రెండవదానిని విడువ నక్కఱలేదు. కావున పటములను వ్రాయించు పెద్దలు మీసమును కొలిచిన పిమ్మట, "ఈ మనుష్యుని గుణ మిందు గలదా?" యని మఱియొక ప్రశ్న వేయుదురుగాక. గీతల నూతనత్వమును జూపి మెప్పు గోరు యువచిత్రకారులును, ఎదుట గూర్చున్న మనుష్యునికి తామొక ఋణము పడియున్నామని మఱవకుందురుగాక.