చక్రాల బోల్టుల బిగింపు

చక్రాల బోల్టుల బిగింపు అనగా కారు, జీపు, లారీ వంటి వాహనాల చక్రాలను, వాటి వెనుక ఉండే బ్రేకు భాగాలను పట్టి ఉంచే నట్లను, బోల్టులను తయారీదారు నిర్ణయించిన టార్కుకు బిగించడం. ఎంత గట్టిగా బిగిస్తే అంత మంచిదన్న నమ్మకం తెలుగునాట విస్తారంగా ఉన్నది. ఇది సరి కాదు. బిగింపు తక్కువైతే నట్టు వదులై చక్రం ఊడుతుంది. మితిమీరితే బోల్టు సాగి, ఒకనాడు తెగి, అప్పుడూ చక్రమే ఊడుతుంది.

పశ్చిమ ప్రకాశం ప్రాంతంలో దీని ప్రాముఖ్యత

కొనకనమిట్ల మండలం పొదిలి, మార్కాపురం పట్టణాల నడుమ ఉన్నది. ఇక్కడి నుండి పడమటికి వెళ్ళే వాహనాలకు నల్లమల కొండలు అడ్డు వస్తాయి. గిద్దలూరు నుండి నంద్యాలకు పోయే రోడ్డు నందికనుమ మీదుగా కొండలను దాటుతుంది. శ్రీశైలం యాత్రికులు దోర్నాల నుండి ఘాట్ రోడ్డు ఎక్కుతారు. మలుపు తిరిగినప్పుడల్లా చక్రంపై ప్రక్కవాటు బలం పడుతుంది. దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కి, ఆ వేడి డిస్కు నుండి హబ్బుకు, బోల్టులకు ప్రాకుతుంది. మార్కాపురం పలకల రాయిని మోసే లారీలకు వీటికి తోడు బరువు కూడా ఉంటుంది. బల్లపరుపు నేల మీద బయటపడని బిగింపు లోపం ఇటువంటి దారిలోనే బయటపడుతుంది.

రోడ్డు ప్రక్క పంక్చరు దుకాణాలలో సాధారణంగా కనిపించే పద్ధతులు రెండు. ఒకటి గాలి గన్నుతో ఆగకుండా బిగించడం. రెండవది పానా కాడపై కాలు పెట్టి తొక్కడం, చాలకపోతే ఇనుప గొట్టం తొడిగి లాగడం. రెండింటిలోనూ ఎంత బిగిసిందో ఎవరికీ తెలియదు.

టార్కు అంటే ఏమిటి

ఒక వస్తువును త్రిప్పే బలం ప్రభావాన్ని టార్కు లేక బల భ్రామకం అంటారు. త్రిప్పే బలాన్ని, అక్షం నుండి ఆ బలం పడే చోటికి గల లంబ దూరంతో గుణిస్తే టార్కు వస్తుంది. ఈ అర్థంలో టార్కు అనే మాటను 1884లో వాడుకకు తెచ్చినవాడు జేమ్స్ థామ్సన్. ఈయన లార్డ్ కెల్విన్ అన్నగారు. దీని ప్రమాణం న్యూటన్ మీటరు. పాత పుస్తకాలలో కిలోగ్రాము మీటరు (9.8 న్యూటన్ మీటర్లు), అడుగు పౌను (1.356 న్యూటన్ మీటర్లు) కూడా కనిపిస్తాయి. వీటిని ఒకదానికి బదులు మరొకటి చదివి పొరబడినవారు లేకపోలేదు.

60 కిలోల మనిషి 25 సెంటీమీటర్ల పానా చివర నిలబడితే సుమారు 147 న్యూటన్ మీటర్ల టార్కు కలుగుతుంది. అదే మనిషి ఒక మీటరు గొట్టం చివర తన బరువంతా మోపితే అది 588 అవుతుంది. చిన్న కారుకు కావలసినది 100 దరిదాపులలో మాత్రమే.

బోల్టు ఎలా పట్టుకుంటుంది

చక్రం బరువును బోల్టులే కొక్కేల వలె మోస్తున్నాయని చాలామంది అనుకుంటారు. నిజానికి బోల్టు చేసే పని వేరు. నట్టును బిగించినప్పుడు బోల్టు అతి స్వల్పంగా సాగుతుంది. సాగిన స్ప్రింగు వలె అది వెనుకకు లాగుతూ చక్రాన్ని హబ్బుకు అదిమి పట్టి ఉంచుతుంది. ఈ అదుముడు వలన చక్రానికి, హబ్బుకు మధ్య పుట్టే ఘర్షణయే వాహనాన్ని నడిపే, ఆపే బలాలను మోస్తుంది. సాగుదల బలానికి అనులోమానుపాతంలో ఉంటుందన్న రాబర్ట్ హుక్ నియమమే (1678) దీనికి ఆధారం.

టార్కును, బోల్టు వ్యాసంతో గుణించిన ఘర్షణ గుణకంతో భాగిస్తే అదుముడు బలం వస్తుంది. నూనె లేని మరలకు ఈ గుణకం సుమారు 0.2. 12 మి.మీ. బోల్టును 100 న్యూటన్ మీటర్లకు బిగిస్తే దాదాపు 41,700 న్యూటన్ల బలం, అనగా నాలుగు టన్నులకు పైగా బరువుతో సమానమైన అదుముడు లభిస్తుంది. నాలుగు బోల్టులు కలిసి ఒక్కొక్క చక్రాన్ని 17 టన్నుల బలంతో పట్టుకుంటున్నాయన్న మాట.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. పెట్టిన శ్రమలో సుమారు పదవ వంతు మాత్రమే బోల్టును సాగదీయడానికి ఉపయోగపడుతుంది. మిగిలినదంతా నట్టు అడుగున, మరల మధ్య ఘర్షణకే ఖర్చవుతుంది. అందుచేత మరలకు నూనె, గ్రీజు పూస్తే లెక్క తారుమారవుతుంది. గుణకం 0.15కు తగ్గితే అదే 100 న్యూటన్ మీటర్లకు దాదాపు 55,600 న్యూటన్లు వస్తాయి. తుప్పు పట్టిన మరలలో దీనికి విరుద్ధంగా పానా గట్టిగా తగులుతుంది గాని, చక్రానికి చేరే పట్టు తక్కువ. అనుభవజ్ఞుడైన మెకానిక్ చేతి అంచనా కూడా ఇక్కడే మోసపోతుంది.

10.9 శ్రేణి ఉక్కుతో చేసిన 12 మి.మీ. బోల్టు సుమారు 73,000 న్యూటన్ల వరకు సాగి, తిరిగి యథాస్థితికి రాగలదు. ఆ హద్దు దాటితే శాశ్వతంగా సాగిపోతుంది. అటువంటి బోల్టు చూడటానికి బాగానే ఉంటుంది, పట్టు మాత్రం ఉండదు. ఇక బిగింపు చాలనప్పుడు చక్రం హబ్బుపై కంటికి కనిపించనంతగా ప్రక్కకు జారుతూ ఉంటుంది. ఇట్టి అడ్డ కదలికల వలన నట్టు తనంతట తానే విడిపోతుందని జర్మన్ ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ 1969లో ప్రయోగపూర్వకంగా చూపాడు.

ఎంత బిగించాలి

ప్రతి వాహనానికి యజమాని చేతిపుస్తకంలో వ్రాసిన విలువే ప్రమాణం. చిన్న కార్లలో అధిక భాగానికి ఇది 85 నుండి 120 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. హోండా చిన్న కార్లకు 108, ఫోక్స్‌వ్యాగన్ పోలోకు 120. భారీ లారీల 22 మి.మీ. బోల్టులకు 600 పైబడి అవసరం కావచ్చు. జపాను, కొరియా కార్లలో హబ్బుకు స్థిరంగా ఉన్న స్టడ్డులపై నట్లు బిగిస్తారు. అనేక ఐరోపా కార్లలో బోల్టులనే నేరుగా హబ్బులోనికి ఎక్కిస్తారు.

బిగించే విధానం

చక్రం నేలపై ఉండగానే నట్లను కొద్దిగా వదులు చేసి, తరువాత జాకీ ఎత్తవలెను. హబ్బు ముఖంపై, చక్రం వెనుక ఉన్న తుప్పును, మట్టిని వైరు బ్రష్షుతో తొలగించవలెను. వాటి మధ్య చిక్కిన తుప్పు పొర కొద్ది కిలోమీటర్లలో నలిగి బిగింపును సడలిస్తుంది. నట్లను మొదట చేతితోనే ఎక్కించాలి. ఏటవాలు ముఖం చక్రం వైపు ఉండాలి. తిరగేసి బిగించడం తరచుగా జరిగే తప్పు. నాలుగు నట్లున్న చోట ఎదురెదురుగా, ఐదున్న చోట నక్షత్రం గీసినట్లు ఒకటి విడిచి ఒకటిగా, రెండు మూడు విడతలలో బిగించాలి. వరుసగా బిగిస్తే చక్రం ఒక ప్రక్కకు ఒరిగి కూర్చుంటుంది. చివరి బిగింపు చక్రం నేలను తాకిన తరువాతనే చేయవలెను. జాకీపై ఉన్న బండిని గట్టిగా లాగితే అది జారి మీద పడే ప్రమాదం ఉంది.

80 నుండి 160 కిలోమీటర్లు నడిచాక చల్లబడిన చక్రంపై మరల పరీక్షించడం అవసరం. అల్యూమినియం చక్రాలకు ఇది మరీ ముఖ్యం. ఆ లోహం వేడికి ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. కొన్ని పాత లారీలలో ఎడమవైపు చక్రాలకు ఎడమ మర ఉంటుంది. ఇది తెలియక విప్పబోయి మరింత బిగించేవారున్నారు.

బ్రేకు బోల్టులు

డిస్కు బ్రేకు గల కార్లలో కాలిపర్ బ్రాకెట్టు బోల్టులు సుమారు చక్రపు నట్లంత బిగింపు కోరుతాయి. కాలిపర్ జారే పిన్నుల బోల్టులకు 22 నుండి 35 న్యూటన్ మీటర్లు చాలు. గాలి తీసే చిన్న మరకు ఇంకా తక్కువ, సుమారు 10. దానిని చక్రపు నట్టు వలె బిగిస్తే విరిగి కాలిపర్‌లోనే మిగిలిపోతుంది. చక్రపు నట్లను అసమానంగా బిగిస్తే, చక్రానికి హబ్బుకు మధ్య ఉన్న బ్రేకు డిస్కు స్వల్పంగా వంగుతుంది. తొక్కినప్పుడు స్టీరింగు వణకడానికి ఇదొక కారణం. చాలామంది ఆ వణుకును చక్రాల బ్యాలెన్సింగు లోపమని తలచి డబ్బు పోగొట్టుకుంటారు.

టార్కు రెంచి

నిర్ణీత టార్కు రాగానే టక్కున శబ్దం చేసే పానాను టార్కు రెంచి అంటారు. 1918లో న్యూయార్క్ నగర నీటి సరఫరా శాఖలో పనిచేసిన కాన్రాడ్ బార్, గొట్టాల బోల్టులు అతిగా బిగించకుండా ఉండేందుకు ఇటువంటి పనిముట్టును రూపొందించాడు. శబ్దం రాగానే ఆపాలి. నమ్మకం కుదరక ఇంకొకసారి లాగితే ప్రయోజనం పోతుంది. వాడిన తరువాత కనిష్ఠ అంకెకు త్రిప్పి ఉంచాలి. నట్లను విప్పడానికి దీనిని వాడరాదు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఏడాదికి ఒకసారి గాని, 5,000 బిగింపులకు ఒకసారి గాని దీని ఖచ్చితత్వాన్ని పరీక్షించాలి.

రెంచి లేనిచోట స్ప్రింగు త్రాసుతో కూడా అంచనా కట్టవచ్చును. 25 సెంటీమీటర్ల పానా చివర త్రాసు తగిలించి, కాడకు లంబంగా లాగినప్పుడు 41 కిలోలు చూపితే 100 న్యూటన్ మీటర్లు వచ్చినట్లు.

స్టెప్నీ

అదనపు చక్రాన్ని భారతదేశంలో స్టెప్నీ అంటారు. వేల్స్‌లోని లనెల్లి పట్టణంలో స్టెప్నీ వీధిలో 1904లో డేవిస్ సోదరులు తయారుచేసిన అదనపు చక్రం నుండి ఈ పేరు వచ్చింది. అల్యూమినియం చక్రాలున్న కార్లలో స్టెప్నీ తరచు ఉక్కుదై ఉంటుంది. వేరుగా కొని అమర్చిన అల్యూమినియం చక్రాల నట్లు దీనికి సరిగా కూర్చోకపోవచ్చు. కనుక కారుతో వచ్చిన అసలు నట్లను డిక్కీలోనే ఉంచుకోవలెను.