మీకు తెలుసా? మన ఈతచెట్టు పేరూ ఫీనిక్సే!

బూడిదలోంచి మళ్లీ పుట్టే ఫీనిక్స్ పక్షి కథ మీరు వినే ఉంటారు. ఆ పక్షి ఎవరి కంటా పడలేదు. దాని పేరు మాత్రం చెట్టు మీదా, పండు మీదా, చివరికి అంతరిక్షంలోనూ వాలింది!

• గ్రీకు భాషలో ‘ఫీనిక్స్’ అనే ఒక్క మాటకు నాలుగు అర్థాలు! ముదురు ఎరుపు రంగు, ఖర్జూర చెట్టు, మధ్యధరా తీరంలోని ప్రాచీన ఫినీషియా దేశస్థుడు, ఈ వింత పక్షి... అన్నిటికీ అదే మాట.

• మీ ఊళ్లో ఫీనిక్స్ ఉందా? చెరువుగట్టు మీద చూడండి! ఖర్జూరానికి దగ్గరి చుట్టం కాబట్టి మన ఈతచెట్టును శాస్త్రవేత్తలు ‘ఫీనిక్స్ సిల్వెస్ట్రిస్’ అంటారు.

• దానిమ్మకూ ఈ పేరుతో చుట్టరికం ఉంది! ఫినీషియన్లు స్థిరపడిన కార్తేజ్ నగరవాసులను రోమన్లు ‘ప్యూనిక్’ అనేవారు. దానిమ్మ శాస్త్రీయ నామం ‘ప్యూనికా గ్రనేటమ్’ అలా వచ్చిందే.

• 12,000 సముద్రపు నత్తలు... వాటి నుంచి వచ్చిన రంగు 1.4 గ్రాములే! ఫినీషియన్లకు పేరు తెచ్చిన ఆ ఊదారంగు గుట్టు విప్పడానికి పాల్ ఫ్రీడ్‌లాండర్ అనే రసాయన శాస్త్రవేత్త 1909లో అన్ని నత్తలు వాడాడు.

• పులికాట్ సరస్సుకు వచ్చే ఫ్లెమింగోల పేరులోనూ ఫీనిక్స్ దాగుంది! వాటి శాస్త్రీయ నామం ‘ఫీనికాప్టెరస్’ అంటే ఎర్రరెక్కల పక్షి అని అర్థం.

• ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాసిన ఫీనిక్స్ కథలో మంటే లేదు, బూడిదే లేదు! 500 ఏళ్లకోసారి ఆ పక్షి తన తండ్రి శవాన్ని సుగంధపు జిగురు ముద్దలో పెట్టి ఈజిప్టు సూర్యాలయానికి మోసుకొస్తుందని మాత్రమే ఆయన రాశాడు.

• ఒక గ్రహశకలానికి పక్షి పేరు పెట్టింది తొమ్మిదేళ్ల బాలుడు! ఫీనిక్స్ కథకు మూలమని చాలామంది భావించే ఈజిప్టు కొంగ ‘బెన్నూ’ పేరును 2013లో అతడు సూచించాడు. 2023లో ఆ శకలం నుంచి 121.6 గ్రాముల మట్టీ రాళ్లూ భూమికి చేరాయి.

• వెనిస్‌లో ‘లా ఫెనీచే’ అనే నాటకశాల ఉంది, అంటే ఫీనిక్సే! పాత నాటకశాల కాలిపోయాక 1792లో ఆ పేరుతో తెరిచారు. అది 1836లో, 1996లో కాలిపోయి రెండుసార్లూ మళ్లీ లేచింది.

• చైనా ‘ఫెంగ్‌హువాంగ్’ను అందరూ ఫీనిక్స్ అంటారు గానీ, అది నిప్పులో కాలే పక్షి కాదు! ఆ పేరులో ‘ఫెంగ్’ మగపక్షి, ‘హువాంగ్’ ఆడపక్షి.

ఈ వేసవిలో ఈతపండ్లు చేతికందితే, నోట్లో వేసుకునే ముందు పక్కనున్న పిల్లలకు ఈ కథ చెప్పండి: మనం తింటున్నవి ఫీనిక్స్ పండ్లు!