ఎవరికి ఎంత చెప్పాలి?

సాయంత్రం నాలుగు గంటలకు విజిటర్లను లోపలికి వదలగానే మా ఆడవాళ్ల వార్డు సంతలా మారిపోతుంది. ఒక మంచానికి వచ్చినవారు పది మంచాలనూ పలకరిస్తారు. "ఏం జబ్బమ్మా? ఎన్నాళ్ల నుంచి? డాక్టరుగారు ఏమన్నారు?" అడిగేవారికి చెడ్డ ఉద్దేశం ఉండదు. మన ఊళ్లలో పలకరింపు అంటేనే అది. అయినా జవాబు చెప్పిన మనిషి నష్టపోవడం మేము చాలాసార్లు చూశాము.

కొన్నేళ్ల క్రితం జాకెట్లు కుట్టి ఇల్లు నడుపుకునే ఒక సహోదరి టీబీతో మా దగ్గర చేరింది. నిద్రపట్టని ఒక రాత్రి, పక్క మంచం పేషెంటుకు తోడుగా వచ్చిన ఆవిడతో తన జబ్బు, భర్తతో తగాదా, చేసిన అప్పు అన్నీ చెప్పుకొని ఏడ్చింది. ఆవిడ చెల్లెల్ని ఇచ్చింది ఈమె ఊళ్లోనే. డిశ్చార్జి అయ్యేసరికి ఊరంతా తెలిసిపోయింది. కుట్టడానికి ఇచ్చిన గుడ్డలు కూడా వెనక్కి తీసుకుపోయారు. టీబీ బట్టల వల్ల, గిన్నెల వల్ల అంటదు. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు గాలి ద్వారా సోకుతుంది. మందులు సరిగా పనిచేస్తూ, క్రమంగా వాడితే కొద్ది వారాల్లోనే ఇతరులకు అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. ఈ సంగతి ఇల్లిల్లూ తిరిగి ఎవరు చెబుతారు?

ఆమెను తప్పుపట్టడం లేదు. భారం దించుకోకుండా మనిషి ఎన్నాళ్లు ఉండగలడు? దించుకునే చోటు మాత్రం చూసుకోవాలి. డాక్టరుకు, నర్సుకు, కౌన్సిలరుకు ఏదీ దాచకండి. టీబీ అయితే ఇంట్లోవారికి చెప్పి తీరాలి, వారికీ పరీక్షలు చేయించాలి కదా. హెచ్ఐవి విషయం రోగి అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 2017లో చట్టమే చేశారు, అది 2018 సెప్టెంబరు 10 నుండి అమలులో ఉంది (కొన్ని మినహాయింపులు ఉన్నాయి). భార్యకో భర్తకో చెప్పడం కష్టమనిపిస్తే కౌన్సిలరు పక్కన కూర్చుని సహాయం చేస్తారు.

ఇక ఇరుగుపొరుగువారికి, "ఒంట్లో బాగాలేక మందులు వాడుతున్నానండి" అంటే చాలు. అది అబద్ధం కాదు. ఎవరితోనైనా మనసు విప్పాలనిపిస్తే మొదట చిన్న మాట చెప్పి ఒక వారం ఆగండి. అది వేరే నోటి నుంచి మీ దగ్గరకు తిరిగి రాకపోతే తక్కినది చెప్పవచ్చు. అర్ధరాత్రి చెప్పాలనిపించినది తెల్లవారాక చెప్పండి, ఆగలేకపోతే నైట్ డ్యూటీ సిస్టరును పిలవండి. కేస్ షీటు ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం మాత్రం వద్దు, ఒకసారి వెళ్లింది వెనక్కి రాదు.

సంఘ పెద్దలకూ ఒక మనవి. ప్రార్థన విన్నపం మైకులో చదివేటప్పుడు రోగి పేరు, జబ్బు పేరు చెప్పమని ఆ కుటుంబమే అడిగిందా అని ముందు కనుక్కోండి. "అనారోగ్యంగా ఉన్న ఒక సహోదరి కొరకు" అన్నా ప్రార్థనకు లోటు రాదు.

మా వైపూ తప్పు ఉంది. వార్డు ఈ చివర నుండి ఆ చివరకు వినబడేలా "టీబీ మాత్రలు వేసుకున్నావా?" అని అరిచిన రోజులున్నాయి. ఇప్పుడు మంచం దగ్గరకు వెళ్లి అడగమని మా పిల్లలకు నేర్పిస్తున్నాము.

ఒక్కటి మాత్రం లోపల పెట్టుకోకండి. చచ్చిపోవాలనిపించినా, ఇంట్లో కొడుతున్నా ఆ రోజే ఎవరికైనా చెప్పండి. మనసు బాగాలేనప్పుడు మాట్లాడడానికి 14416 టెలీ మానస్ నంబరు, స్త్రీలకు 181 ఉన్నాయి. రెండూ ఉచితమే.

ఆ కుట్టుపని సహోదరి ఆరు నెలల కోర్సు పూర్తి చేసి చివరి చెకప్‌కు వచ్చింది. ఓపీ క్యూలో ఒక పెద్దావిడ, "నీకేం జబ్బమ్మా?" అని అడగడం మేము విన్నాము. "తగ్గిపోయింది పిన్నీ. మీ మోకాలు ఎలా ఉంది?" అంది. పెద్దావిడ తన పేరు పిలిచేదాకా మోకాలి సంగతే చెప్పింది.